దరఖాస్తు ఒకరిది... కాపురం ఇద్దరిది

పరిశోధన కోసం దేశం దాటిన మనిషికి శాశ్వత నివాసం ఎప్పుడు వస్తుందని అందరూ అడుగుతారు. వెంట వెళ్లిన భార్యకో, భర్తకో పనిచేసే హక్కు ఎప్పుడు వస్తుందని అడిగేవాళ్లు అరుదు. ఈ వారం ముఖచిత్ర కథనం ఆ రెండో మనిషి గురించి.

"వచ్చిందా?"

"వచ్చింది."

"కదిలిందా?"

"లేదు."

అమెరికాలో ఒక యూనివర్సిటీ ఊరు. రెండు గదుల అపార్ట్‌మెంట్. ఆమె పప్పుకు పోపు వేస్తూ, వెనక్కి తిరగకుండానే అడుగుతుంది. ల్యాబ్ నుంచి అప్పుడే వచ్చిన అతను బూట్లు కూడా విప్పకుండా ఫోన్లో గ్రీన్‌కార్డు వరుస ఎంతవరకు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ చూసి జవాబు చెబుతాడు. నెలకోసారి ఇదే తంతు. తర్వాత ఇద్దరూ ఆ మాట వదిలేసి కంచాలు పెట్టుకుంటారు.

అతను పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధకుడు. ఆమె ఎం.ఫార్మసీ చదివింది. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ విభాగంలో మూడేళ్లు పనిచేసింది. అమెరికాలో ఆమె వీసా హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసాపై ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చేది. సర్టిఫికెట్ల ఫైలు సూట్‌కేసు అడుగునే ఉండిపోయింది. ఆదివారాలు చుట్టుపక్కల తెలుగు పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. శనివారం రాత్రి గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. "ఏమ్మా, అల్లుడుగారి కార్డు సంగతేమైనా తెలిసిందా?"

కూతురి ఉద్యోగం సంగతి అడగదు. అదీ ఆ కార్డుకే ముడిపడి ఉందని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు.

లక్ష డాలర్ల వారాంతం

ఈ వ్యవహారం మన ఇళ్లలో మళ్లీ గట్టిగా చర్చకు వచ్చింది 2025 సెప్టెంబర్ 19న. కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలని ఆ రోజు అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చారు. అమల్లోకి రావడానికి రెండు రోజులు కూడా గడువు లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరబోతున్న దుబాయ్ విమానం నుంచి కొందరు ప్రయాణికులు దిగిపోయారు. సెలవు మీద ఇండియాకు వచ్చినవాళ్లు పెళ్లి పందిళ్లు వదిలి విమానాశ్రయాలకు పరుగెత్తారు. ఉన్న వీసాలకు ఇది వర్తించదని మర్నాడు వివరణ వచ్చింది. అమెరికాలోనే ఉండి చదువు వీసా నుంచి హెచ్-1బీకి మారేవాళ్లకూ వర్తించదని అక్టోబర్‌లో ఇంకో వివరణ వచ్చింది.

పరిశోధకుల సంగతి కాస్త వేరు. యూనివర్సిటీలు, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలు హెచ్-1బీ లాటరీ పరిధిలోకి రావు. 2000లో వచ్చిన చట్టం వాటికి ఆ వెసులుబాటు ఇచ్చింది. లక్ష డాలర్ల ఫీజు విషయంలో మాత్రం యూనివర్సిటీ అయినంత మాత్రాన మినహాయింపు లేదు. హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసిన అమ్మాయిని నేరుగా హెచ్-1బీ మీద పిలవాలంటే ల్యాబ్ ఆ డబ్బు కట్టాలి. ఏ ప్రొఫెసర్ గ్రాంటులోనూ అందుకు చోటుండదు.

అందుకే చాలామందికి కనిపిస్తున్న దారి జె-1, అంటే పరిశోధకుల మార్పిడి వీసా. ఇందులో భార్యకో, భర్తకో ఒక మేలుంది. జె-2 మీద వెళ్లినవాళ్లు వర్క్ పర్మిట్‌కు వెంటనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. చిక్కల్లా ఒకటే, జె-1 శాశ్వత నివాసానికి తీసుకెళ్లే వీసా కాదు. గడువు ముగిసేలోపు మరో మెట్టు ఎక్కాల్సిందే.

> రెండేళ్ల షరతు తొలగింది
>
> జె-1 మీద వెళ్లిన చాలామంది భారతీయ పరిశోధకులు రెండేళ్లు స్వదేశంలో గడిపితే తప్ప హెచ్-1బీకీ, గ్రీన్‌కార్డుకూ అర్హులు కాకపోయేవారు. వాళ్ల రంగం 'నైపుణ్యాల జాబితా'లో ఉండటమే కారణం. 2024 డిసెంబర్ 9 నుంచి ఆ జాబితాలో భారత్ లేదు. అంతకుముందు వెళ్లినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ప్రభుత్వ నిధులతో వెళ్లినవాళ్లకూ, వైద్యులుగా శిక్షణకు వెళ్లినవాళ్లకూ మాత్రం షరతు అలాగే ఉంది. జె-2 మీద ఉన్నవాళ్లకూ జె-1 వారి షరతే వర్తిస్తుంది.

1,40,000లో భార్యాపిల్లలూ లెక్కే

గ్రీన్‌కార్డు వరుస ఎందుకు ఇంత పొడుగు? మూలం 1990 నాటి వలస చట్టంలో ఉంది. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 అని ఆ చట్టం గీత గీసింది. ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకు 7 శాతం మించకూడదంది. 1,40,000లో 7 శాతమంటే 9,800. ఇతర దేశాలు వాడుకోనివి మిగిలితే మనవాళ్లకు ఇంకొన్ని దక్కుతాయి, అంతే. ముప్పై ఐదేళ్లు దాటినా ఆ గీత చెరగలేదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఆ అంకెలో భార్యాభర్తలూ పిల్లలూ కూడా కలిసే ఉంటారు. ఒక పరిశోధకుడికి భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఆ కుటుంబానికి నాలుగు కార్డులు ఖర్చవుతాయి. అంటే వరుసలో నిలబడేటప్పుడు ఆమెనూ ఒక మనిషిగా లెక్కపెడుతున్నారు. ఆ వరుసలో ఉన్నంతకాలం పనిచేసుకోనివ్వాలా వద్దా అన్నప్పుడు మాత్రం ఆ లెక్క వర్తించదు. ఈ చట్టంలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే.

2025 అక్టోబర్ వీసా బులెటిన్ చూడండి. ఉద్యోగ ఆధారిత రెండో వర్గమైన ఈబీ-2లో భారతీయుల తేదీ 2013 ఏప్రిల్ 1. ఆ రోజుకు ముందు దరఖాస్తు పడినవాళ్లకే కార్డు. మొదటి వర్గమైన ఈబీ-1లో 2022 ఫిబ్రవరి 15. అదే ల్యాబ్‌లో పక్క బెంచీ మీద పనిచేసే బ్రెజిల్ పరిశోధకుడికి ఆ నెల ఈబీ-1లో ఎదురుచూపే లేదు. ఇద్దరూ ఒకే పత్రంలో సహ రచయితలు కావచ్చు.

లెక్క పౌరసత్వాన్ని బట్టి ఉండదు, పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. కోనసీమ నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాల్లో మస్కట్‌లోనో కువైట్‌లోనో పుట్టిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. అలాంటి అమ్మాయిని చేసుకున్న పరిశోధకుడు భార్య పుట్టిన దేశం కోటా కింద దరఖాస్తు నడిపించుకోవచ్చు. పన్నెండేళ్ల వరుస ఒక్క జనన ధ్రువపత్రంతో చాలావరకు కరిగిపోతుంది. ఇది చట్టంలో ఉన్న సదుపాయమే. తెలియక వాడుకోనివాళ్లున్నారు.

పరిశోధకుడికి మూడు తలుపులు

సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి లేని వీలు పరిశోధకుడికి ఒకటుంది. స్థానికంగా అర్హులు దొరకలేదని కంపెనీ రుజువు చేసే లేబర్ సర్టిఫికేషన్ తతంగం అక్కర్లేకుండానే దరఖాస్తు పెట్టుకునే తలుపులు అతనికి మూడున్నాయి.

మొదటిది ఈబీ-1ఏ, అసాధారణ ప్రతిభావంతులకు. పది ప్రమాణాల్లో కనీసం మూడు చూపాలి. పురస్కారాలు, పరిశోధన పత్రాలు, ఇతరుల పత్రాలను సమీక్షించడం, రంగాన్ని ముందుకు నడిపిన సొంత కృషి లాంటివి. ఎవరి స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు, సొంతంగా వేసుకోవచ్చు. రెండోది ఈబీ-1బీ, విశిష్ట ఆచార్యులకు, పరిశోధకులకు. ఆరింటిలో రెండు ప్రమాణాలు, మూడేళ్ల అనుభవం, సంస్థ నుంచి శాశ్వత స్వభావమున్న ఉద్యోగ ప్రతిపాదన కావాలి. పోస్ట్‌డాక్ ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది కాబట్టి ఈ తలుపు దగ్గర చాలామంది ఆగిపోతారు.

మూడోది ఎన్ఐడబ్ల్యూ, జాతీయ ప్రయోజనం దృష్ట్యా ఇచ్చే మినహాయింపు. ఇది ఈబీ-2 కిందికి వస్తుంది. 2016 డిసెంబర్‌లో ధనసార్ అనే ఏరోస్పేస్ ఇంజినీరింగ్ పరిశోధకుడి అప్పీలుపై వచ్చిన నిర్ణయం దీని కొలతల్ని మార్చేసింది. చేసే పనికి విలువ, దేశవ్యాప్త ప్రాముఖ్యం ఉండాలి. దాన్ని ముందుకు తీసుకెళ్లగల స్థితిలో ఆ మనిషి ఉండాలి. అన్నీ బేరీజు వేస్తే మినహాయింపు ఇవ్వడమే దేశానికి మేలనిపించాలి. దీన్నీ సొంతంగానే వేసుకోవచ్చు.

చెప్పడానికి తేలికే. ఆ ఫైలు కట్టడమంటే ఇంట్లో ఆరు నెలల యజ్ఞం. తన పత్రాలను ఎవరెవరు ఉదహరించారో పొద్దున్నే లెక్క చూసుకోవడం, ఎన్నడూ ముఖం చూడని ప్రొఫెసర్లకు సిఫారసు లేఖల కోసం మెయిళ్లు రాయడం, జవాబు రాకపోతే మళ్లీ రాయడం. ఆ రాత్రుళ్లు పేజీలకు అంకెలు వేసి, అనుబంధాలు సర్ది, తప్పులు దిద్దేది చాలా ఇళ్లలో భార్యే. దరఖాస్తు మీద ఆమె సంతకం ఉండదు.

ఎన్ఐడబ్ల్యూ ఆమోదం పొందినంత మాత్రాన వరుస తగ్గదు. అదీ ఆ పొడుగాటి ఈబీ-2 వరుసే. అయినా త్వరగా వేయమని అనుభవజ్ఞులు చెప్పడానికి కారణముంది. దరఖాస్తు పడిన రోజే ప్రయారిటీ డేట్. ఐ-140 అనే ఆ పిటిషన్ ఆమోదం పొందాక, నాలుగేళ్ల తర్వాత ఈబీ-1 వేసినా పాత తేదీనే వాడుకోవచ్చు. రేషన్ షాపు దగ్గర సంచి పెట్టి వరుసలో చోటు ఆపుకున్నట్టు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. చదువు వీసా ఎఫ్-1 మీదో, జె-1 మీదో ఉండగా ఐ-140 వేస్తే, స్థిరపడే ఉద్దేశం బయటపడినట్టే కాబట్టి, తర్వాత వీసా స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడు ఇబ్బంది రావచ్చు. వేసే ముందు న్యాయవాదిని అడిగి తీరాలి.

> కార్డు ముందా, పెళ్లి ముందా?
>
> "అబ్బాయికి గ్రీన్‌కార్డు ఉంది" అనగానే సంబంధానికి విలువ పెరుగుతుంది. నిజానికి కార్డు చేతికొచ్చే నాటికే పెళ్లయి ఉంటే భార్య అతని దరఖాస్తు వెంటే కార్డు పొందవచ్చు. కార్డు వచ్చాక పెళ్లయితే ఆమె కుటుంబ కోటాలోని ఎఫ్2ఏ వరుసలో విడిగా నిలబడాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల భార్యకు హెచ్-4 లాంటి వీసా ఉండదు. కొత్త దంపతులు రెండు దేశాల్లో ఏళ్ల తరబడి వేరుగా ఉండాల్సి రావచ్చు. తేదీ దగ్గర పడిన పెళ్లికాని పరిశోధకులు ఈ సంగతి ముందే ఇంట్లో చెప్పాలి.

అతని వీసా నీడలో ఆమె పని

పీహెచ్‌డీ ఐదారేళ్లు. ఆ కాలమంతా భార్య వీసా ఎఫ్-2. ఉద్యోగం చేయకూడదు, పూర్తికాలం డిగ్రీ చదవకూడదు. తర్వాత అతను హెచ్-1బీకి మారితే ఆమె హెచ్-4. చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం కుదరదు. అతనికి ఓ-1 వస్తే ఊరంతా గొప్పగా చెప్పుకుంటుంది, అది అసాధారణ ప్రతిభకు ఇచ్చే వీసా కాబట్టి. అతని వెంట ఓ-3 మీద ఉన్న భార్యకు మాత్రం ఏ పనీ చేసే అనుమతి లేదు.

2015 మే 26న హెచ్-4 వాళ్లకు ఒక కిటికీ తెరుచుకుంది. భర్త ఐ-140 ఆమోదం పొంది ఉన్నా, ఆరేళ్లు దాటాక హెచ్-1బీ పొడిగింపు దొరికినా, భార్య ఈఏడీకి, అంటే వర్క్ పర్మిట్‌కు, దరఖాస్తు చేయవచ్చు. భార్య హెచ్-1బీ మీద ఉంటే భర్తకూ ఇదే వర్తిస్తుంది. మొదటి ఏడాది 1,79,600 మంది వరకు అర్హులవుతారని అమెరికా ప్రభుత్వమే అంచనా కట్టింది. ఆ నియమం చెల్లదంటూ అదే ఏడాది కేసు పడింది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు నియమాన్ని నిలబెట్టింది. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. పదేళ్ల పాటు ఈఏడీ ఉన్న ప్రతి మహిళ ఉద్యోగానికి వెళ్తూ, రేపు ఉంటుందో లేదో అనుకుంటూనే గడిపింది.

కోర్టు గండం గడిచిందనుకునే లోపే ఇంకో మార్పు. ఈఏడీ పునరుద్ధరణ ఆలస్యమైతే పాతదే కొంతకాలం చెల్లుబాటయ్యే సదుపాయాన్ని 2025 అక్టోబర్ 30 నుంచి కొత్త దరఖాస్తులకు ఎత్తేశారు. కొత్త కార్డు రాకముందే పాత కార్డు తేదీ దాటితే ఆ రోజు నుంచే ఉద్యోగం ఆపాలి. కారు లోను ఆగదు, డేకేర్ ఫీజు ఆగదు. మొదట్లో చెప్పిన ఫార్మసీ అమ్మాయికి ఎన్ఐడబ్ల్యూ ప్రాణవాయువు లాంటిది ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. అతని వరుస ఒక్క అడుగు కదలకపోయినా, ఐ-140 ఆమోదం పొందిన రోజే ఆమెకు ఈఏడీ దారి తెరుచుకుంటుంది.

పిల్లల సంగతి ఒక్క మాటలో చెప్పాలి. ఇండియాలో పుట్టి నాలుగేళ్ల వయసులో వెళ్లిన బిడ్డకు 21 నిండితే తల్లిదండ్రుల దరఖాస్తులోంచి జారిపోయే ప్రమాదం ఉంది. 2002 నాటి చట్టం వయసు లెక్కలో కొన్ని నెలలు కలిసొచ్చేలా చేసింది. పదేళ్లు దాటిన వరుసలకు ఆ నెలలు ఏ మూలకూ చాలవు.

ఒలేథా నేర్పిన పాఠం

2017 ఫిబ్రవరి 22. కాన్సస్ రాష్ట్రం ఒలేథాలోని ఒక బార్‌లో జాతి ద్వేషంతో ఒకడు జరిపిన కాల్పుల్లో ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్ల మరణించారు. ఆ వార్త మనలో ఎవరూ మరిచిపోలేదు. ఆ తర్వాతి సంగతి తక్కువమందికి తెలుసు. భార్య సునయన దుమాల నివాస హోదా భర్త హెచ్-1బీ మీద ఆధారపడి ఉంది. అతను పోవడంతో అదీ పోయింది. అంత్యక్రియల కోసం హైదరాబాద్ వచ్చిన ఆమెకు, తన ఇల్లూ ఉద్యోగమూ ఉన్న ఊరికి తిరిగి వెళ్లగలనా అన్న దిగులు కూడా తోడైంది. అప్పటి కాన్సస్ ప్రతినిధి కెవిన్ యోడర్ పూనుకోవడంతో తాత్కాలికంగా అనుమతి దొరికింది. ఆమె గొంతు దేశమంతా వినిపించింది కాబట్టి ఒక ప్రతినిధి కదిలాడు. రోడ్డు ప్రమాదంలోనో, గుండెపోటుతోనో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్ల కోసం ఎవరు కదులుతారు?

ఇంకాస్త వెనక్కి వెళ్తే భీమవరం కనిపిస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో పై చదువుకు బోస్టన్ చేరారు. పెళ్లయి ఎంతో కాలం కాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన హార్వర్డ్‌లో, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో చేసిన పని లోకానికి ఫోలిక్ యాసిడ్‌నీ, ఆరియోమైసిన్‌నీ, బోదకాలుకు మందునూ ఇచ్చింది. 1948లో 53 ఏళ్ల వయసులో న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు.

అందుకు కారణాలన్నీ చట్టంలోనే ఉన్నాయనలేం. కానీ ఆనాటి చట్టం ఎలా ఉండేది? 1917 చట్టం మన దేశాన్ని నిషిద్ధ మండలంలో చేర్చి, విద్యార్థుల్లాంటి కొద్దిమందికే దారి వదిలింది. 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారంది. 1946లో ఆ అడ్డు తొలగి, ఏడాదికి సుమారు వందమందికి అవకాశం వచ్చేసరికి సుబ్బారావు గారికి మిగిలినవి రెండేళ్లు. ఆయన పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంది. శేషగిరి గారి ఎదురుచూపు గురించి ఏ పాఠంలోనూ లేదు.

జర్మనీలో లెక్క వేరు

ఈ మధ్య మన పరిశోధక విద్యార్థులు జర్మనీ వైపు ఎక్కువగా చూస్తున్నారు. జీతాలు అమెరికాతో పోలిస్తే తక్కువ, భాష కష్టం. కానీ వెంట వెళ్లిన మనిషిని అక్కడి చట్టం చూసే తీరు వేరు. పరిశోధకుల అనుమతిపై గానీ, నిపుణులకిచ్చే బ్లూ కార్డుపై గానీ వెళ్లినవారి భార్యకో భర్తకో కుటుంబ వీసా కోసం ముందే జర్మన్ నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ అక్కర్లేదు. నివాస అనుమతి వచ్చిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు.

శాశ్వత నివాసానికి పుట్టిన దేశాన్ని బట్టి వరుస లేదు. బ్లూ కార్డు ఉన్నవారు ప్రాథమిక ఏ1 స్థాయి జర్మన్‌తో 27 నెలలకు, బీ1 స్థాయి ఉంటే 21 నెలలకు అర్హులవుతారు. పరిశోధకుల అనుమతి మీద ఉన్నవారికి మూడేళ్లు. కాబట్టి జీతం సరిపోతే బ్లూ కార్డే మేలు. 2025లో దానికి సాధారణ వార్షిక జీతపు గీత 48,300 యూరోలు. పూర్తి జీతం తీసుకునే పోస్ట్‌డాక్ దాటుతాడు. సగమో ముప్పాతికో జీతం వచ్చే పీహెచ్‌డీ విద్యార్థికి కష్టం. ఇలా శాశ్వత నివాసం పొందిన నిపుణుల భార్యాభర్తలు మూడేళ్లు అక్కడ నివసించి, వారానికి కనీసం 20 గంటలు పనిచేస్తూ, భాష తదితర షరతులు తీరిస్తే సొంతంగా శాశ్వత నివాసం పొందవచ్చు. 2023 చట్టంతో వచ్చిన ఈ మార్పు చిన్నదిగా కనిపించినా రెండో మనిషికి సొంత కాళ్లు ఇచ్చింది.

అక్కడా ముల్లుంది. యూనివర్సిటీ ఉద్యోగాలు ఎక్కువగా కాలపరిమితితోనే ఇస్తారు. డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు అన్నది చట్టంలోని గరిష్ఠ పరిమితి. దీని మీద 2021లో 'నేను హన్నా' అనే హ్యాష్‌ట్యాగ్‌తో జర్మన్ యువ పరిశోధకులే సామాజిక మాధ్యమాల్లో గొంతెత్తారు. శాశ్వత నివాసం చేతిలో ఉండి శాశ్వత ఉద్యోగం లేని స్థితి అక్కడ మామూలే.

> మరో రెండు దేశాలు
>
> బ్రిటన్: గ్లోబల్ టాలెంట్ వీసాపై పరిశోధకుడు మూడేళ్లకే శాశ్వత నివాసానికి అర్హుడు. అతని భార్యకు ఐదేళ్లు. ఆ వీసాపై ఆమె ఉద్యోగం మాత్రం చేసుకోవచ్చు. ఈ నివాస నిబంధనలు మార్చాలని అక్కడి ప్రభుత్వం 2025లో సంప్రదింపులు మొదలుపెట్టింది.
>
> కెనడా: ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఒకే శాశ్వత నివాస దరఖాస్తులో ఇద్దరూ ఉంటారు. వెంట వచ్చే భార్య చదువు, భాష, అనుభవానికీ పాయింట్లు వేస్తారు. 2025 జనవరి నుంచి ఓపెన్ వర్క్ పర్మిట్‌ను కొన్ని వర్గాల వారి భార్యాభర్తలకే పరిమితం చేశారు. పీహెచ్‌డీ విద్యార్థుల భార్యాభర్తలకు అది కొనసాగుతోంది.

సంబంధం మాట్లాడేటప్పుడు

దంపతులిద్దరూ చదువుకున్నవాళ్లయినప్పుడు దరఖాస్తు భర్త పేరునే వేయాలని ఎక్కడా లేదు. ఎవరి పత్రాలు బలంగా ఉంటే వాళ్ల పేరున వేయవచ్చు, ఇద్దరూ విడివిడిగానూ వేయవచ్చు. మన ఇళ్లలో ఆ ఆలోచన రాకముందే నిర్ణయం అయిపోతుంది. ఆమె పీహెచ్‌డీ ఆగిపోతుంది, అతనిది నడుస్తుంది.

అమెరికా సంబంధమనగానే మనం అడిగేవి మూడు. జీతమెంత, ఏ ఊరు, ఏ వీసా. ఇంకో మూడు అడగండి. అబ్బాయి ఐ-140 ఆమోదం పొందిందా? మా అమ్మాయికి ఈఏడీ ఎప్పటికి వస్తుంది? అది రాని కాలంలో తను ఏం చదువుతుంది, ఆ ఖర్చు ఎవరు చూస్తారు? అబ్బాయి తరఫువాళ్లు నొచ్చుకుంటారని వెనకాడకండి. నిజం తెలిసిన పరిశోధకుడైతే అబ్బాయే ముందు చెబుతాడు.

పెళ్లయి అమెరికా వెళ్లిపోయిన కూతురున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈ శనివారం ఫోన్ చేసినప్పుడు అల్లుడుగారి కార్డు సంగతి తర్వాత అడగండి. ముందు అమ్మాయి ఈఏడీ తేదీ అడగండి. పునరుద్ధరణకు గడువుకు ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. గుర్తు చేయండి.